రెండు లేజర్లు, ఒక్క కన్ను

మా బావ వెంకటస్వామికి చెయ్యి ముందు, మాట తర్వాత. పందొమ్మిదేళ్ల వయసులో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ నుంచి పెచ్చు ఎగిరి ఎడమ కన్ను పోయింది. "ఇంకోటి ఉందిలే" అన్నాడు మేస్త్రీ. కంట్లోంచి రక్తం కారుతుండగానే బావ ఆ మేస్త్రీ పళ్లు రెండు రాలగొట్టాడు. ఇరవై ఆరేళ్లయినా ఆ మాట తలుచుకుంటే పిడికిలి బిగిస్తాడు. మా అక్క రమణి మీద మాత్రం ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. ఆ కోపమంతా తలుపుల మీద, గిన్నెల మీద, నా మీద.

అలాంటి మనిషికి లేజర్ పిచ్చి పట్టింది. పలకను లేజర్‌తో కాలిస్తే నల్లటి రాయి మీద తెల్లటి బొమ్మ పడుతుంది. ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా మిషన్ కట్టాడు. ఒక్క లేజర్‌తో గీత పలచగా పడింది. రెండింటి కాంతినీ ఒకే దారిలో కలిపి తీరాలన్నాడు.

నాది ఎలక్ట్రికల్ దుకాణం, సామాను తెప్పించింది నేనే. మొదట ఒక అద్దం తెప్పించాను. అది ఒక రంగును దాటనిచ్చి ఇంకో రంగును మళ్లిస్తుంది. బావ లేజర్లు రెండూ నీలమే, ఇక అది ఏం కలుపుతుంది? బావ దాన్ని సుత్తితో పొడి చేసి, ఆ సుత్తి నా మీదికే విసిరాడు. తప్పుకున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఒకే రంగైతే నలుచదరపు గాజు దిమ్మ కావాలట. ఒక లేజర్‌ను నిలువుగా, రెండోదాన్ని పక్కకు ఒరిగించి బిగిస్తే, ఒక కాంతి దిమ్మలోంచి సూటిగా పోతుంది, రెండోది లోపల మలుపు తిరిగి దాంతో కలుస్తుంది. నీలం కోసం చేసిన దిమ్మ రావడానికి నెల పడుతుంది. ఎరుపు కోసం చేసింది రెండు రోజుల్లో వస్తుంది. "గాజు గాజే గదా బావా, ఇదే తెప్పిద్దాం" అన్నాను. ఈ మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. తప్పు దిమ్మలో నీలం కాంతి పూర్తిగా కలవదు. కొంత వెనక వైపు నుంచి బయటికి పోతుంది.

ఆదివారం పొద్దున బావ ఆ దిమ్మనే బిగించాడు. కళ్లకు కాపుగా పెట్టుకునే అద్దాలు అక్క తెచ్చిస్తే నేలకేసి కొట్టాడు.

"అవి పెట్టుకుంటే గీతే కనపడదు, పోవే!"

పలక మీద రెండు కాంతి చుక్కలూ కలవలేదు. దిమ్మ వంకరగా కూర్చుందనుకున్నాడు. పలక వంకర చూడాలంటే మావాళ్లు దాన్ని కంటి ఎత్తుకు పట్టి అంచు వెంబడి చూస్తారు. చేతికీ కంటికీ పాతికేళ్లుగా అదే అలవాటు. లేజర్లు ఆపకుండానే దిమ్మ వెనక్కి వచ్చి వంగాడు.

ఆ వెనక గోడ మీది క్యాలెండర్ పొగలు కక్కడం నేనప్పుడే చూశాను.

"వద్దు బావా!" అని అరిచి బల్లను తన్నాను. అప్పటికే ఒక క్షణం ఆ కాంతిలోకి చూశాడు. బల్ల, మిషన్, ఇద్దరం కలిసి బండల మీద పడ్డాం. నా పెదవి చీలి నోరంతా రక్తం.

"నా మిషన్ పగలగొట్టినావు గదరా!"

కడుపు మీద మోకాలు పెట్టి గొంతు నులిమాడు. అక్క కేకలేస్తూ ఆయన జుట్టు పట్టి లాగింది. ఆమెను విదిలించుకొని, నా మొహం మీదికి పిడికిలి ఎత్తి బలంకొద్దీ దించాడు.

అది నా చెవి పక్కన బండకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. బావ గురి తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

మళ్లీ చెయ్యెత్తి ఆగిపోయాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు.

"నీ చెవులు కనపడతన్నాయి రాజ్ కుమారూ. మొహం ఏదిరా? మధ్యలో ఈ నలుపు ఏంది?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. విరిగిన ఆ చెయ్యి పట్టుకొని నా చెంప మీద పెట్టాను.

"ఇక్కడుంది బావా. కొట్టు."

కొట్టలేదు. రక్తం కారుతున్న వేళ్లతో నా ముక్కు, నుదురు తడిమాడు. తర్వాత రెండో చెయ్యి గాల్లోకి చాపాడు.

"రమణీ, ఇట్ల రా," అన్నాడు మెల్లగా.