ఖాళీ కుర్చీకి పంపిన కాగితాలు

మా ఊరు పార్సిప్పనీలో పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, ఎవరో మంచులో తడిసిన ఉన్ని కోటు తెచ్చి హీటర్ పక్కన ఆరేశారు. ఆ వాసనకు మిసెస్ వెబర్ గుర్తొచ్చారు. డెబ్బయ్యో దశకం చివర ఇదే న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నా మొదటి ఉద్యోగం ఆవిడ కిందే. చలికాలమంతా ఆవిడ కోటు మా గది హీటర్ మీదే ఆరేది. ఐరోపా దేశాల ఉమ్మడి సంఘం అచ్చువేసిన కాగితాలు పెట్టెలకొద్దీ ఆ గదికి వచ్చేవి. వాటిని వరస పెట్టి కార్డులు టైప్ చేయడం నా పని. చదవడానికి నెలకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు.

ఆవిడది ఫ్రాన్సుకూ జర్మనీకీ సరిహద్దులో ఉన్న ఊరు. ఇల్లు కదలకుండానే వాళ్ళ నాన్నగారి దేశం మూడుసార్లు మారిందట. యుద్ధంలో అన్న ఫ్రెంచి సైన్యంలో పోరాడితే, తమ్ముణ్ణి జర్మన్లు బలవంతంగా తమ సైన్యంలోకి పట్టుకుపోయారు. తమ్ముడు తిరిగి రాలేదు. ఇదంతా ఒక్కసారే, కార్డులు సర్దుతూ చెప్పారు. ఆ రెండు దేశాలే తర్వాత బొగ్గు గనులనూ ఉక్కు పరిశ్రమనూ ఉమ్మడిగా నడుపుకోవడానికి కూర్చున్నాయి. ఆ సంఘం అలా మొదలైంది.

"అంత ప్రేమ ఎలా పుట్టింది?" అన్నాను.

"ప్రేమా? నమ్మకం లేకే ఒకరినొకరు కళ్ళముందు పెట్టుకున్నారు."

ఐరోపా ప్రజలు తమ పార్లమెంటుకు మొదటిసారి నేరుగా ఓటేశారన్న వార్త వచ్చిన రోజు నేను కేక్ తీసుకెళ్ళాను. ఆవిడ ఒక ముక్క తిని, "సరే, ఇవాళ వచ్చిన పెట్టె తెరువు" అన్నారు.

ఎనభైలు మొదలయ్యాక మా తెలుగు చర్చిలో తగువు వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లల కోసం ఆరాధన ఇంగ్లీషులో పెట్టాలని మేం కొందరం, తెలుగు వదిలేది లేదని మరికొందరు. అటువైపు పెద్ద, మా ఆయన అన్నయ్య ప్రభుదాసు బావగారు. నాకు కారు నడపడం నేర్పిన మనిషి. కమిటీ మీటింగ్‌లో మాటామాటా పెరిగింది. "మీ ఇంగ్లీష్ మీరే చేస్కోండి. నేనింక రాను" అని లేచి వెళ్ళిపోయారు. మా ఇంటికి రావడం కూడా మానేశారు. నేను కమిటీ సెక్రటరీని. "ఆయన పేరు రిజిస్టర్‌లోంచి తీసేయండి సిస్టర్" అన్నాడు కమిటీలో ఒకాయన.

మర్నాడు లైబ్రరీలో నాకు పని సాగలేదు. ఏమైందని అడిగి, అంతా విని, మిసెస్ వెబర్ అరలోంచి ఒక ఫైలు తీశారు. సంఘంలో ఆరే దేశాలున్న రోజుల్లో ఒకప్పుడు ఫ్రాన్సు అలిగి కొన్ని నెలలు మంత్రుల సమావేశాలకు రాలేదట.

"మిగతా అయిదు దేశాలూ ఏం చేశాయి?"

"ఆ కుర్చీ తీసెయ్యలేదు. కాగితాలు పంపుతూనే ఉన్నారు."

"తర్వాత?"

"వచ్చారు. అసలు విషయంలో ఏకాభిప్రాయం లేదని రాసుకుని, మళ్ళీ పని మొదలుపెట్టారు."

నేను బావగారి పేరు తీయలేదు. ప్రతి నెలా కమిటీలో ఎవరేమన్నారో ఆ మినిట్స్ టైప్ చేసి ఆయనకు పోస్ట్ చేశాను. పదకొండు నెలలు జవాబు లేదు. "అన్నయ్య అవన్నీ చదువుతాడనుకుంటున్నావా? ఎందుకీ శ్రమ?" అని మా ఆయన విసుక్కున్నారు. నిజానికి నేనూ విసిగిపోయాను.

పన్నెండో నెల మీటింగ్‌కి బావగారు వచ్చారు. కూర్చోకుండానే, "నేను లేచెళ్ళిన రోజు మినిట్స్‌లో మూడో పాయింట్ తప్పమ్మా సుగుణా. నేనలా అన్లేదు. జులైలో నీ స్పెల్లింగూ అంతే" అన్నారు.

అన్నీ చదివారు! ఆ రోజు రెండు గంటలు మళ్ళీ పోట్లాడుకున్నాం. పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఇంగ్లీషు అన్న దగ్గర ఆగాం. ఇష్టపడి కాదు, అందరం అలసిపోయి.

మిసెస్ వెబర్ రిటైరయ్యే ముందు, లైబ్రరీవాళ్ళు మా గదిని బేస్‌మెంట్‌కి మార్చమన్నారు. ఇద్దరం పెట్టెలు సర్దుతున్నాం.

"మీ చర్చివాళ్ళు ఎలా ఉన్నారు?"

"ఇంకా గొడవలే."

"ఒకే గదిలోనా?"

"ఒకే గదిలోనే."

ఆవిడ నవ్వలేదు. తల ఊపి, "అయితే ఈ పెట్టె ఆ చివర పట్టుకో" అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు క్రిస్మస్ కార్డు వచ్చింది. మూడో ఏడు రాలేదు.

ఇప్పుడు మా పెద్దమ్మాయి నాతో మాట్లాడి అయిదు నెలలైంది. తప్పెవరిదో ఇంకా తేలలేదు. ఆదివారం సాయంత్రాలు ఇంట్లో జరిగినవన్నీ దానికి రాసి పంపుతాను: తోటకూర మొలిచిందని, పెదనాన్నకు కంటి ఆపరేషన్ అయిందని. జవాబు అడగను. రెండో పేజీకి వచ్చేసరికి వేళ్ళు నొప్పెడతాయి. కాసేపు ఆగి, మళ్ళీ రాస్తాను.