పంజగుట్ట చర్చి పడమటి గోడ

ఆదివారం పొద్దున ఆరింటికి, నేను బడిపంతులుగా ఉన్న వికారాబాదులో పాసింజరు ఎక్కాను. మా పంజగుట్ట చర్చి కట్టి పాతికేళ్లయిందని, దాని చరిత్రను ఆ రోజు ఆరాధనలో చదివి, అద్దం కట్టి గోడకు వేలాడదీస్తారని మా చిన్నమ్మ కొడుకు ఉత్తరం రాశాడు. పడమటి గోడలోని కమాను, చర్చి కట్టించిన తెల్ల దొరగారే గీసిచ్చారని అందులో ఉందట. అబద్ధం. ఆ గోడ కట్టింది అమీరుపేట ఖాసిం మేస్త్రీ. రాయి అందించింది మా నాన్న, ఆయన ఇప్పుడు లేడు. చర్చి తెరిచిన రోజు సంఘపెద్ద సామ్యేలు దొరగారి వంటవాడికి కూడా దండ వేసి, వీళ్లిద్దరినీ గడప బయట నిలబెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ దండలో ఏ పూలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

లింగంపల్లి దగ్గర జొన్నరొట్టె, మిరపతొక్కు తిన్నాను. ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారి నా కథంతా విని, "పోయిన మనిషి పేరు కోసం పండుగపూట పంచాయితీ పెడ్తవా పంతులూ?" అన్నాడు. పెడతానన్నాను.

బేగంపేటలో దిగేసరికి ఎనిమిదిన్నర. టాంగా దొరకదు, నడవాల్సిందే. చేలగట్ల మీదుగా అమీరుపేట అరగంట. ఖాసిం మేస్త్రీ ముసలివాడైపోయాడు. చాయ్ తాగించి, రానన్నాడు. నేను లేవలేదు. చివరికి షేర్వాణీ తొడుక్కుని కర్ర అందుకున్నాడు.

పది కాకముందే పంజగుట్ట చేరాం. కొత్త పాదిరి గారిది గుంటూరు వైపు. చరిత్రలో తప్పుందని చెబితే, సామ్యేలు చెప్పిందే రాశానన్నారు. సామ్యేలు నన్ను చూసి కూడా పలకరించలేదు. పాదిరి గారితోనే అన్నాడు, "సాయబు మసీదు లెక్క కట్టిండని అద్దం కట్టి పెడ్తమా అయ్యగారూ? ఊరంత నవ్వదా?"

పాదిరి గారు మేస్త్రీనే అడిగారు.

"నేను అంతకుముందు కట్టినయన్ని మసీదులే సాబ్. దేవుని ఇల్లంటే పడమటికి గిట్ల కమాను ఉండాలె అనుకున్న. దొర సూసి తీసెయ్యమన్నడు. గీ పంతులు వాళ్ల నాయన అడ్డం నిలవడ్డడు. దేవుని కోసం కట్టింది విప్పొద్దన్నడు."

పాదిరి గారు దొరగారి పేరు కొట్టేసి మేస్త్రీ పేరు, మా నాన్న ఏలియా పేరు రాశారు. వచ్చిన పని అయింది. అంతలో మేస్త్రీ, "సామ్యేలు పేరు సుత రాయుండ్రి. గుట్ట మీదికెళ్లి రాళ్లన్ని మోసిండు" అన్నాడు.

సామ్యేలు తల వంచుకున్నాడు. పాదిరి గారు కలం ఆపి నావైపు చూశారు. వద్దనడానికే నోరు తెరిచాను. కానీ మోసింది నిజం, నేను చూశాను. రాయమన్నాను.

ఆరాధనలో మూడు పేర్లూ చదివారు. భోజనాలయ్యాక నాలుగింటి బండికి తిరిగివచ్చాను. చర్చి చిన్నదే గాని గోడలో ఒక్క పగులు లేదు. చూడదలిచినవారు పొద్దున్నే వెళ్లండి, తూర్పు గుమ్మంలోంచి ఎండ తిన్నగా కమాను మీద పడుతుంది. పక్కనే ఆ చరిత్ర ఉంటుంది. సామ్యేలు పేరు అందులో ఉండడం న్యాయమే. అతణ్ణి క్షమించానని మాత్రం నేనెవరితోనూ అనలేదు.