కిటికీలోంచి తోసిన సంచి

మొన్న నా సంచి ఒక్కటే మద్రాసు పోయింది. నేను కుప్పం స్టేషన్లో నిలబడి దానికి టాటా చెప్పినాను. నవ్వకండి, మొత్తం వినండి!

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మా వదిన సుగుణమ్మ, డెబ్బై దాటినా సముద్రం చూడలేదు. "మోకాళ్లు పూర్తిగా పట్టేసేలోగా ఒక్కసారి చూపించు మే" అని అడిగింది. అడిగింది ఎవరిని? పుంగనూరు బస్టాండులో కిటికీలోంచి సంచి వేసి సీటు పట్టడంలో నన్ను మించినోళ్లు మూడు జిల్లాల్లో లేరు. పెళ్లి బస్సులో పెళ్లికొడుకు సీటే పట్టినదాన్ని!

ఎండాకాలం సెలవులు. రిజర్వేషనంతా వెయిటింగ్ లిస్టు. "జనరల్లో పోదాం వదినా, సీటు పూచీ నాది" అన్నాను. పొద్దున్నే కుప్పం చేరి, టికెట్లు తీసుకుని కూర్చుంటే బండి రాదే! గంట లేటన్నారు. మళ్లీ ఇంకో గంట. నాకా, కాలు ఒకచోట నిలవదు. లేస్తాను, పట్టాల వైపు తొంగి చూస్తాను, కొళాయి తిప్పుతాను, వచ్చి కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. కొళాయి నీళ్లు ఎట్లా కాగుతున్నాయంటే, టీపొడి వేస్తే చాలు!

టీ అమ్మే ఆయన్ను పట్టుకున్నాను. "యాల లేటప్పా?"

"ఎండకు పట్టాలు సాగుతాయంటమ్మా. అందుకే మెల్లగా నడుపుతాండారు."

"సాగితే మంచిదే గదప్పా, మద్రాసును తొందరగా ముట్టుకుంటాయి!"

"కూర్చో మే! నువ్వు తిరిగేదానికి నాకు తల తిరుగుతాండాది" అని వదిన కసిరింది.

చివరికి బండి వచ్చింది. తలుపు తలుపుకూ చీమల పుట్టే! ఒక కిటికీలోంచి చూస్తే, కుప్పంలో దిగే ఆయన అప్పుడే లేస్తున్నాడు. చెయ్యి ఊరుకుంటుందా! సంచిని కమ్మీల సందులోంచి తోసేసి, "అమ్మా, ఆ సీటు మాది! ఎవురినీ కూర్చోనియ్యొద్దు!" అని అరిచినాను. పక్కనున్న ఆమె తల ఊపింది.

సీటు దొరికింది. తలుపే దొరకలేదు. లక్ష మందికి ఒక్కరు కూడా తక్కువ లేరు! వదినను ముందుకు తోస్తే, రబ్బరు బంతి మాదిరి వెనక్కొచ్చి నా మీదే పడింది. బండి కూత వేసి కదిలిపోయింది. రెండు టికెట్లు, నా ఫోను, ఇద్దరి చిత్రాన్నం, అన్నీ సంచిలోనే!

వదిన ఫోనుతో నా ఫోనుకు కొట్టినాను. ఆ కిటికీ ఆమే ఎత్తింది. "అవ్వా, యాడుండావు? నిలబడినోళ్లంతా నన్ను తిడతాండారు. అయినా నీ సీట్లో ఎవురినీ కూర్చోనియ్యలేదు. తొందరగా రా!"

"నేను కుప్పంలోనే ఉండానమ్మా!"

"అయితే సంచిని ఏం చేసేది?"

"దాన్నన్నా కూర్చోబెట్టు తల్లీ. చిత్రాన్నం మాత్రం నువ్వే తినేయ్, ఎండకు పాడైపోతుంది."

మంచి మనిషి. మద్రాసులో కాపురం, పుట్టిల్లు కుప్పం. వచ్చే వారం వచ్చేటప్పుడు సంచి తెచ్చిస్తానంది. తర్వాతి బండి కూడా లేటేనట. వదిన మోకాళ్లు ఇంక మొరాయించినాయి. బస్సెక్కి మా పుంగనూరు ఇంటికే వచ్చేసినాం. దోవ పొడుగునా వదిన నా వైపు తిరగకుండా కిటికీలోంచే చూస్తా కూర్చుంది. తిట్టినా బాగుండు! నాకు ఏ సీట్లోనూ ఒళ్లు కుదురుగా నిలవలేదు.

సాయంత్రం వదిన ఫోను టింగుమంది. ఆ అమ్మాయే ఫోటో పంపింది. బీచిలో ఇసుక మీద దర్జాగా నా సంచి, దాని వెనక సముద్రం! నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూసినావా వదినా! చూపిస్తానంటే చూపించినానా లేదా?"

వదిన అద్దాలు పెట్టుకుని, ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, అటు జరిపి, ఇటు జరిపి చాలాసేపు వెతికింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీ సంచి కూడా నీ మాదిరే మే! సముద్రానికంతా అడ్డం కూర్చోనుండాది. ఆ పిల్లకు ఫోన్ చేసి కొంచెం పక్కకు జరపమను."