కదిరమ్మ వాపసు షరతు

“పెద్దమ్మా, పెళ్ళప్పుడు పెదనాయనను కూడా వాపసు తీసుకుంటారా అని అడిగే చేసుకున్నావా?”

మా చెల్లెలు దివ్య పదేళ్ళ వయసులో, నిండు దుకాణంలో, గిరాకీల ముందే అడిగిన ప్రశ్న ఇది. మా పెద్దమ్మ కదిరమ్మ దుప్పటి మడత పెడుతూ, “అడగకుండా ఉంటానా?” అంది. అందరూ నవ్వారు. ఎవరిని అడిగిందో, వాళ్ళేమన్నారో ఎవరూ ఆరా తీయలేదు.

ఎందుకంటే ఆమె అడగని చోటు లేదు. నచ్చకపోతే వాపసు ఉందా అని తేల్చుకోనిదే కదిరమ్మ లోకంలో దేన్నీ ముట్టదు. కొబ్బరికాయ కొంటే “కుళ్ళింటే?” ఆటో ఎక్కితే “దోవ తప్పితే?” పంటి డాక్టరు కొత్త పన్ను కడుతుంటే, తెరిచిన నోరు తెరిచే ఉంచి సైగలతో అడిగింది. “వాపసు తీసుకుని దీన్ని నేనేం చేసుకోవాలమ్మా?” అన్నాడాయన. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుల్ని ఇంటికొచ్చి మరీ వెనక్కి తీసుకుపోతారని తెలిసిన రోజు మా ఇంట్లో పాయసం వండారు.

కాటన్‌పేటలో టవళ్ళు, దుప్పట్ల టోకు దుకాణం ఆమెది. గల్లాపెట్టె మీద మూడు భాషల్లో బోర్డు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

“ఇదేం న్యాయం పెద్దమ్మా?”

“కొనేటప్పుడు ఒక న్యాయం, అమ్మేటప్పుడు ఒక న్యాయం. దాన్నే వ్యాపారం అంటారప్పా. నీ ఎమ్మేలో చెప్పలేదా?”

చెప్పలేదు.

పోయిన ఏడాది దివ్యకు పీజీ సీటు రెండు చోట్ల వచ్చింది. ఒకటి దేవనహళ్ళి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో డేటా సైన్స్. ఇంటి నుంచే పోయి రావచ్చు. ఎందుకైనా మంచిదని ఇరవై వేలు కట్టి సీటు పట్టి ఉంచాం. రెండోది కొచ్చిలో సముద్ర జీవశాస్త్రం. దివ్య ప్రాణమంతా ఈ రెండోదాని మీదే. కాని ఇల్లు విడిచి వారం రోజులున్న పిల్ల కాదు. “అక్కడ ఉండలేక తిరిగొస్తే? మొహం ఎట్ల చూపించేది?” అంటూ అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. “నీ మనసు మాట విను” అన్నాను నేను, చదువుకున్నవాణ్ణి కాబట్టి. దాని మనసు పూటకో మాట చెబుతుంటే ఏది వింటుంది పాపం!

కొచ్చికి జవాబివ్వడానికి శుక్రవారం సాయంత్రంతో గడువు ముగుస్తుంది. ఆ మధ్యాహ్నం కదిరమ్మ మమ్మల్నిద్దర్నీ దుకాణానికి పిలిపించింది.

“యాడికి పోవాలనుండాది నీకు?”

“కొచ్చికే.”

“చేపల్ని చదివేదానికా? మన ఇంట్లో చేపలు తినేదే లేదు గదే.”

“అందుకే నన్ను చూసి అవి భయపడవులే పెద్దమ్మా.”

ఆ మాట కదిరమ్మ ఒప్పుకుంది. కొచ్చి ఆఫీసుకు ఫోను కలపమంది. నేను దుబాసీని.

“నచ్చకుంటే వాపసు ఉండాదా అని అడుగు.”

ఫీజు వాపసుకు నిబంధనలున్నాయని అవతలి మనిషి మొదలుపెట్టాడు.

“దుడ్డు సంగతి కాదప్పా, పిల్ల సంగతి. నడుమన ఇంటికొచ్చేస్తే మళ్ళా చేర్చుకుంటారా?”

లేదన్నాడు. మధ్యలో మానేస్తే సీటు పోయినట్టేనట.

దివ్య మొహం పాలిపోయింది. ఇక డేటా సైన్సే అనుకున్నాను. వాపసు లేని సరుకు కదిరమ్మ కొన్న చరిత్ర లేదు.

“ఇన్నావు గదా, వాళ్ళు తీసుకోరంట” అందామె తాపీగా. “నేను తీసుకుంటా, పో.”

“అంటే?”

“ఉండలేకపోతే వచ్చేయ్. వారానికొచ్చినా సరే, ఏడాదికొచ్చినా సరే. ఎందుకొచ్చినావని అడగను, ఎవుర్నీ అడగనీయను.”

“మరి ఆ బోర్డు?” అన్నాను.

“అది గిరాకీలకు రా. ఇంటి పిల్లకు కాదు.”

దివ్య కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి పాత ప్రశ్న గుర్తొచ్చినట్టుంది. “పెద్దమ్మా, నీ పెళ్ళప్పుడు వాపసు అడిగింది ఎవర్ని?”

“మా నాయన్ని. పీటల మీదికి పోయే ముందర. నేను ఆడ ఉండలేకపోతే వాపసు తీసుకుంటావా నాయనా అంటి. ‘ఎప్పుడొచ్చినా తీసుకుంటా తల్లీ’ అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇన్నేండ్లు కాపురం చేసినా.”

“పోవాలనిపించలేదా?”

“మూడు తూర్లు సంచి సర్దినా. ఎప్పుడైనా పోవచ్చు గదా అనుకుంటానే, పోబుద్ధి అయ్యేది కాదు.”

“మూడు కాదు, ఐదు” అని గోదాములోంచి పెదనాయన గొంతు.

దివ్య అక్కడే, టవళ్ళ మూట మీద కూర్చుని, ఫోన్లో కొచ్చికి సరేనని నొక్కేసింది. తర్వాత ఎదురు హోటల్ నుంచి తెప్పించిన మసాలదోసె తినేసి, నాది కూడా తినేసింది. వారం రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి ఇంటిల్లిపాదీ వదిలాం.

ఇప్పుడు కొచ్చిలో రెండో సెమిస్టరు. దివ్య వాపసు రాలేదు. దేవనహళ్ళి కాలేజీకి కట్టిన ఇరవై వేలు కూడా రాలేదు.