కుడి కిడ్నీ మీద మచ్చ

రాయదుర్గం అంటే ఇప్పుడు మెట్రో ఆఖరి స్టేషన్. డెబ్బైల మొదట్లో అక్కడ బండలు కొట్టుకుని బతికేవాళ్లు ఉండేవాళ్లు. అలాంటి ఇంటి నుంచే ఒక తల్లి నాలుగేళ్ల కూతుర్ని చంకనెత్తుకుని, నేను ఎక్స్‌రేలు తీసే దవాఖానకు వచ్చింది. పిల్ల కడుపులో ఎడమవైపు పెద్ద గడ్డ. కిడ్నీకి పుట్టిన కాన్సర్.

మాకప్పుడు స్కానింగులు లేవు. నరంలోకి రంగు మందు ఎక్కించి, అది కిడ్నీల్లోకి దిగేటప్పుడు ఫిల్ము తీయడమే. దాన్ని చూసి సర్జన్‌గారు తేల్చేవారు. కుడి కిడ్నీ శుభ్రంగా ఉంటే ఎడమది తీసేసినా పిల్ల తట్టుకుంటుంది. కుడివైపూ జబ్బుంటే ఆపరేషన్ చేసి లాభం లేదు.

పిల్లను బల్ల మీద పడుకోబెట్టి మొలతాడు తీసేయమన్నాను. దానికో గుడ్డ తాయెత్తు వేలాడుతోంది.

"తెంపొద్దు సారూ. దీనికి ముందు ఇద్దరు పుట్టి పోయిన్రు. గది కట్టినంకనే ఇది నిలిచింది," అంది తల్లి.

నాకు ముక్కు మీదే కోపం. మామూలుగా అయితే కసిరి కత్తెర తెచ్చేవాణ్ణి. ఆ రోజెందుకో మనసొప్పలేదు. తాయెత్తు తడిమి చూశాను, లోహం తగల్లేదు. గుడ్డేగా, ఏం పడుతుందిలే అనుకుని తాడును పక్కటెముకల మీదికి జరిపి ఎక్స్‌రే తీసేశాను.

సర్జన్‌గారు తడి ఆరని ఫిల్మును వెలుగుకెత్తి చాలాసేపు చూశారు. "కుడి కిడ్నీ మీద కూడా ఏదో మచ్చ ఉందయ్యా. ఇంటికి తీసుకెళ్లమను," అన్నారు.

మచ్చ గోరంత ఉంది. నేను తడిమిన తాయెత్తూ అంతే. లోపలి విభూతిలో ఏ రాతిపొడి కలిసిందో! చెబితే నా పరువు పోతుంది. ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాక గానీ నా నోరు పెగల్లేదు. అందరి ముందూ దులిపేశారు. పడ్డాను, తప్పు నాదే.

మళ్లీ ఫిల్ము తీయాలంటే తాడు తెంపాలి. వరండాలో తల్లి పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. ఆమె పిల్ల కడుపు మీద చెయ్యేసింది.

"బతుకుతదంటవా సారూ?"

"కుడి కిడ్నీ బాగుంటే బతుకుతుందమ్మా," అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. నేను ఫిల్ములు తీసేవాణ్ణే, చదివేవాణ్ణి కాను. ఆమె తనే తాడు తెంపి కొంగున ముడేసుకుంది.

కొత్త ఫిల్ములో మచ్చ లేదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందేమోనని తీసిన ఛాతీ ఫిల్మూ బాగానే వచ్చింది. ఆపరేషన్ చేశారు. పిల్ల లేచి తిరిగింది, పాలు వద్దని మారాం చేసింది. ఆ నెలంతా నేను నేల మీద నడవలేదు.

నాలుగు నెలలకు దగ్గుతో మళ్లీ తెచ్చారు. ఛాతీ ఫిల్ము నేనే కడిగాను. రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. మొదటిసారి కూడా ఉండే ఉంటాయి, మా ఫిల్ముకు కనపడేంత పెద్దవి కావు. కొన్ని వారాలకే పిల్ల పోయింది.

తర్వాత తల్లి ఒక్కతే నా గదికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తాడు తెంపినందుకేనా సారూ?"

"కాదమ్మా, కాదు," అని ఛాతీ ఫిల్ములు రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూపించబోయాను. ఆమె వాటివైపు తిరగలేదు. నా మొహంలోకే చూస్తూ, "బతుకుతదంటివి గద," అంది.

"అన్నానమ్మా," అని ఒప్పుకున్నాను.