బొట్టు పెట్టిన ఫ్లాపీ

ఏసురత్నం మేనేజరుతో గొడవపడి నెగ్గిన రోజు నేను అక్కడే ఉన్నాను, చేతిలో టీ గ్లాసులతో. ఎనభై ఏడో సంవత్సరం. జగ్గయ్యపేట దగ్గర మా సిమెంటు ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చి ఏడాదైంది. సున్నపురాయి, మట్టి ఏ పాళ్లలో కలపాలో అది చెప్పేది. దానిచేత చెప్పించే ప్రోగ్రాములు రాసేవాడు ఏసురత్నం. పెనుగంచిప్రోలు నుంచి బస్సులో వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడిచాక కూడా జత సరిగ్గా ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకునే మనిషి.

అతను రాసింది మిషనుకు అర్థమయ్యేలా మార్చడానికి కంపైలర్ అని ఒకటుండాలట. అది ఫ్లాపీ అనే పల్చటి చదరపు అట్టలో ఉంటుంది. దాని కొత్త వెర్షన్ హైదరాబాదు నుంచి వచ్చింది.

"కొత్తది పెట్టుకుని పాతది వాడతానంటావేంటయ్యా?" అన్నారు మేనేజరు కొండలరావుగారు.

"ఒకే లెక్క రెండింటికీ ఇచ్చా సార్. పాతది సరిగ్గా చెప్పింది. కొత్తది చుక్క తరవాత అంకెలు మింగేస్తోంది. కాగితం మీద మీరే వేసి చూడండి."

వేశారు. రెండుసార్లు వేశారు. టీ చల్లారిపోయింది. "సరే, పాతదే వాడు" అన్నారు.

ఏసురత్నం అంతటితో ఊరుకోలేదు. ప్రోగ్రాము తయారయ్యే ముందు మిషను కంపైలర్ నంబరు చూసుకోవాలి, ఆ చెడ్డ నంబరైతే అక్కడే ఆగిపోవాలి అని నాలుగు లైన్లు రాసిపెట్టాడు.

నాకది చాదస్తమనిపించింది. మూడో తరగతిలో బడి మానేసి ఆ కంప్యూటర్ గది ఊడ్చే నేను, దానికి అసలు కాపలా నేనే అనుకునేదాన్ని. చెప్పులతో వస్తే ఆఫీసరునైనా గుమ్మంలోనే కడిగేసేదాన్ని.

దసరాకి ఫ్యాక్టరీలో ఆయుధపూజ. మిషన్లకు, లారీలకు అందరూ బొట్లు పెడుతున్నారు. నా గది తక్కువ తిందా? కంప్యూటర్‌కు పెట్టాను. బీరువా తీసి పాత కంపైలర్ ఫ్లాపీకీ పెట్టాను. మధ్యలో కోలగా కోసిన సందులో లోపలి బిళ్ల నున్నగా మెరుస్తూ కనిపించింది, బొట్టుకు అంతకన్నా మంచి చోటేముంది? తడి కుంకుమ గట్టిగా అద్దాను. పక్కనే దాని నకలు ఉంది. అది మాత్రం ఏం పాపం చేసిందని దానికీ అద్దాను.

మర్నాడు క్వారీలో వేరే రకం రాయి పడింది. ప్రోగ్రాము మార్చాలి. పాత ఫ్లాపీలు రెండూ పనిచేయలేదు. కొత్తది పెడితే మిషను నంబరు చూసి ఆగిపోయింది.

"ఆ నాలుగు లైన్లూ తీసెయ్. సాయంత్రానికి పాళ్లు రాకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు కొండలరావుగారు.

"తీయను సార్. పాళ్లు తప్పితే గట్టిపడని సిమెంటు జనం ఇళ్లకి పోద్ది."

ఏసురత్నం ఫ్లాపీని వెలుతురులో తిప్పి చూశాడు. ఎర్రగా ఉంది. తరువాత నా నుదుటి వంక చూశాడు.

"నేనే నాయనా" అన్నాను.

తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని.

"నందిగామలో కంప్యూటర్ కోర్సు చెప్పే వరప్రసాదరావు దగ్గర ఇదే పాతది ఉంది. నేను కదిలితే వీళ్లు ఆ లైన్లు తీసేస్తారు. నువ్వెళ్లొస్తావా పెద్దమ్మా?"

వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు బస్సు రాకపోతే లారీ ఎక్కాను. ఒళ్లో ఫ్లాపీ మీద కొంగు కప్పుకున్నది చూసి, "పసిబిడ్డా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "నీకెందుకు? గుంటలు చూసి తోలు" అన్నాను.

నాలుగింటికి చేతిలో పెడితే, ఏసురత్నం ముందు దాని నంబరు చూశాడు.

"ఒళ్లో పెట్టుకుని తెస్తే నా మీదే అనుమానమా?"

"మా అమ్మ తెచ్చినా చూస్తా పెద్దమ్మా."

నంబరు సరిపోయింది. కాగితం మీద లెక్కా సరిపోయింది. చీకటి పడకముందే పాళ్లు వచ్చాయి. కొండలరావుగారు టీ అడిగారు. ఇద్దరికీ ఇచ్చాను, ముందు ఏసురత్నానికి.

ఇంటికి బయల్దేరేముందు అతను ఇంకో నకలు తీసి, రేకుడబ్బాలో పెట్టి నాకిచ్చాడు.

"ఇది మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచు. ఎవరడిగినా నంబరు చెప్పమను. చెప్పకపోతే నాకైనా ఇవ్వొద్దు."

ఆ నంబరు నాచేత మూడుసార్లు అనిపించాడు. గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుంటూ మొహమాటంగా ఇంకొకటి అడిగాడు.

"వచ్చే దసరాకి బొట్టు ఆ రేకుడబ్బా మీద పెట్టు పెద్దమ్మా. లోపలిదానికొద్దు."