ముందుగా అలిసిపోయేవారి ఎయిర్‌పోర్టు

పక్క సీట్లోని అమ్మాయి కణతలకు బామ్ రాసుకుంటోంది. హైదరాబాదు రాయదుర్గంలో, కిటికీలు తెరవడానికి వీల్లేని ఈ ఏసీ గదిలో, ఆ ఘాటు ఎటూ పోలేక నా ముక్కుకే వచ్చి చేరింది. ఇది క్రికెట్ ఫైనల్ వారం. సొంతానికి విమానం మాట్లాడుకుని వెళ్ళే పెద్దమనుషులందరికీ ఒకే పూట, ఒకే ఊళ్ళో, స్టేడియానికి ఆనుకునే దిగాలని ఉంటుంది. కుదరదని పొద్దుటి నుంచి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే, అయినా ఈ వారం వచ్చిందంటే ఒళ్ళు బరువెక్కుతుంది. ఆ బామ్ వాసనకు మాత్రం రాజమణి మేడం గుర్తొచ్చారు. ఆవిడ కూడా ఇలాంటి వారాల్లో నుదుటికి బామ్ పట్టించుకుని, కళ్ళు మూసుకునే ఫోన్లు మాట్లాడేవారు.

విమానాలు కిరాయికి కుదిర్చిపెట్టే మా చిన్న ఆఫీసులో ఆవిడే నాకు పై అధికారి. సిద్దిపేట వైపు మనిషి. అంతకుముందు బాలానగర్‌లో పెళ్ళి బస్సులు మాట్లాడిపెట్టేవారు. ఆ సంగతి దాచుకోకపోగా కోట్లకు పడగలెత్తిన క్లయింట్ల ముందే చెప్పేసేవారు, నాకు తల కొట్టేసినట్టుండేది. నేను ఏలూరు నుంచి కొత్తగా వచ్చి, టై కట్టుకోవడం నేర్చుకుంటున్న రోజులవి. మనిషిని స్టేడియం గేటుకు ఎంత దగ్గరగా దింపితే అంత గొప్ప అనుకునేవాణ్ణి. నేను లాప్‌టాప్ తిప్పి దూరాలు చూపించబోతే ఆవిడ అటు చూసేవారే కాదు.

“అందర్ల ముందుగాల అలిసిపోయేదెవరో అడిగినవా?” అనేవారు.

“విమానంలో వెళ్ళేవాళ్ళు ఎందుకు అలిసిపోతారు మేడం?”

“పెండ్లి బస్సుల ఒక ముసలామె ఉంటది బిడ్డా. ఆమె మంచిగుంటే బస్సంతా మంచిగుంటది. ఆమెకు తల తిరిగిందనుకో, పెండ్లంతా పరేషాన్. విమానమైనా గంతే. ఆమె ఎవరో చూసుకో, అప్పుడు ఎయిర్‌పోర్టు మాట్లాడు.”

నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఊరుకునే మనిషి కాదు గనక తల ఊపి నా సీట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ ఏడు ఫైనల్ అహ్మదాబాదులో. కూకట్‌పల్లిలో స్థిరపడిన కృష్ణా జిల్లా బిల్డరు ప్రసాద్ గారు తండ్రిని తీసుకుని వెళ్తానన్నారు. మా ఆఫీసుకున్న క్లయింట్లలో ఆయనే పెద్ద. తండ్రికి కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. ఒక్క ఫైనలైనా మైదానంలో కూర్చుని చూడాలని పెద్దాయన కోరిక. మర్నాడు పొద్దున్నే హైదరాబాదు ఆసుపత్రిలో డయాలసిస్ తప్పకూడదు. ఆ షరతు మీదే డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నారట. నేను అహ్మదాబాదులోనే దింపుదామన్నాను, స్టేడియం దగ్గర కదా అని. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు అక్కడ విమానం నిలపడానికి చోటు లేదు. మనుషుల్ని దింపి, ఖాళీగా వేరే ఊరు వెళ్ళిపోయి, మ్యాచ్ అయ్యాక తన వంతు వచ్చినప్పుడు తిరిగి రావాలి. వడోదరలో అయితే రోజంతా నిలుపుకోవచ్చు, కాకపోతే స్టేడియం నుంచి కారులో రెండు గంటల దారి. మేడం ప్రసాద్ గారికి ఫోన్ చేసి, ఫోన్ పెద్దాయనకు ఇమ్మన్నారు.

“మా నాన్నగారితో మీకేం పనండీ?”

“ఆయన కోసమే గద సార్ పోతున్నరు. జర ఇయ్యండి.”

పెద్దాయనతో చాలాసేపు మాట్లాడారు. ఎంతసేపు కూర్చోగలరు, కాళ్ళు వాస్తాయా, కారులో నిద్ర పడుతుందా, అన్నీ అడిగారు. మధ్యలో ఇద్దరూ దేనికో నవ్వుకున్నారు కూడా. ఫోన్ మళ్ళీ కొడుకు చేతికి వచ్చాక, “వడోదర పెడుతున్న సార్,” అన్నారు. “ఆయనకు చాతగాక ఎప్పుడు లేసినా విమానం తయారుగుంటది. అహ్మదాబాదులనైతే కుర్చీల కూసోని అదెప్పుడొస్తదా అని చూసుడే.”

“మా వాళ్ళందరూ అక్కడే దిగుతున్నారండీ. నేనొక్కణ్ణీ రెండు గంటలు కారులో పడి వెళ్తే నవ్విపోరూ?”

“నవ్వితే నవ్వనీయండి సార్. పొద్దుగాలకు పెద్దాయన దవాఖానల ఉండాలె.”

ప్రసాద్ గారు అయిష్టంగానే సరేనన్నారు. రెండో ఇన్నింగ్స్ మధ్యలోనే పెద్దాయన డీలా పడిపోయారు. తండ్రీకొడుకులు లేచి కారెక్కారు. వడోదరలో విమానం సిద్ధంగానే ఉంది. మర్నాడు వేళకు డయాలసిస్ జరిగింది. కానీ మ్యాచ్ ఆఖరి బంతి దాకా వెళ్ళింది. పైగా మేం భయపడినంత రద్దీ ఆ రాత్రి అహ్మదాబాదులో లేనే లేదు. ప్రసాద్ గారి స్నేహితులు ఆట మొత్తం చూసి కూడా హాయిగా ఇళ్ళకు చేరారు. ఆయన ఫోన్ చేసి అగ్గిమీద గుగ్గిలమయ్యారు. “జన్మకో ఫైనలండీ! ఆఖరి ఓవరు కారులో కూర్చుని ఫోన్లో విన్నాను!” మేడం అంతా విని, “పెద్దాయనకు ఇప్పుడెట్లున్నది సార్?” అని మాత్రం అడిగారు. అటువైపు ఫోన్ పెట్టేశారు.

ఆయన మళ్ళీ మా దగ్గరకు రాలేదు. మా ఆఫీసు యజమాని, మేడం చేతిలోంచి పెద్ద క్లయింట్లందరినీ తప్పించారు. నాకు ఉండబట్టలేదు.

“తప్పయిందని ఒక్క మాట అంటే పోయేది కదా మేడం.”

“తప్పయితే అంటుంటి బిడ్డా.”

ఆ గొంతులో పౌరుషం లేదు, అలసటే ఉంది. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయారు. పండగలకు ఫోన్ చేస్తే ఆరోగ్యం జాగ్రత్త అని నాకే చెప్పేవారు. పోయినేడు గుండెపోటుతో వెళ్ళిపోయారు. ఆవిడ కూర్చున్న సీట్లోనే నేనిప్పుడు కూర్చుంటున్నాను. ఆవిడ మీద నాకు చాలా ప్రేమ ఉండేదని ఇంత ఆలస్యంగా రాసుకోవడం బాధగా ఉంది.

నిన్న ప్రసాద్ గారు ఫోన్ చేశారు. ఇన్నేళ్ళకు. ఫైనల్ మళ్ళీ అహ్మదాబాదులోనే కదా, విమానం కావాలన్నారు. ఎంతమంది అని అడిగాను.

“ఒక్కణ్ణేనండీ. నాన్నగారు కాలం చేశారు.”

“ఒక్కరే అయితే అహ్మదాబాదులోనే దింపే ఏర్పాటు చూస్తానండీ,” అన్నాను.

“వద్దండీ. వడోదరే పెట్టండి,” అన్నారు. “ఆ రోజు దారి పొడుగునా నాన్నగారు నా భుజం మీద తల పెట్టుకుని పడుకున్నారు. మధ్యలో లేచి, నా మూలంగా ఆట పోయిందిరా నీకు అన్నారు. నేను మాట్లాడలేదండీ, కోపంగా ఉన్నాను. ఆ దారిన ఒక్కసారి మళ్ళీ వెళ్ళాలనుంది.” తర్వాత, “ఆ మేడం గారికి ఒకసారి ఫోన్ ఇస్తారా?” అన్నారు.

ఆవిడ లేరని చెప్పాను. అప్పుడు, ఒక్కరే వెళ్తున్నప్పుడు అడగక్కర్లేని మాటే అయినా, అడిగాను.

“మీ ఓపిక ఎలా ఉందండీ?”

ఎవరూ అడగని మాట విన్నట్టు ఆయన తడబడ్డారు. “అలిసిపోయానండీ,” అన్నారు.

వడోదరకు ఫోన్ చేసి, విమానం రోజంతా నిలపడానికి చోటు అడిగాను.